కంచికి వెళ్ళని చీర

కథలన్నీ కంచికి వెళతాయని మనకు చిన్నప్పట్నుంచీ తెలుసు. వెళ్ళనివ్వండి, నాకేం అభ్యంతరం లేదు. కాని ఈమధ్య చీరలు కూడా కట్టగట్టుకుని కంచికి ప్రయాణమవుతున్నాయి. ధర్మవరంలో పుట్టిన చీరా అక్కడికే, గద్వాలలో పుట్టిన చీరా అక్కడికే. సూరత్ మిల్లులో పుట్టినదైతే సరేసరి, ముందు సీటు దానిదే! రైలు ఛార్జీ అక్కర్లేదు. ఫోనులో పాత చీర అమ్మేవాళ్ళు "కంచి" అని రెండక్షరాలు కొడితే చాలు.

ఈ దొంగ ప్రయాణం మా ఇంట్లోంచి కూడా ఒకటి జరిగింది గనుక, దీన్ని గురించి పోట్లాడే హక్కు నాకుందనుకుంటాను.

ఒకప్పుడు పాత బట్టల బేరం మా వీధి అరుగుమీద జరిగేది. "పాత బట్టలకి స్టీలు సామానమ్మా!" అని కేక వినబడగానే నేను మూట విప్పేదాన్ని. గంప దించిన ఆవిడ నా మాట ఒక్కటీ చెవిని పెట్టేది కాదు. గుడ్డని వెలుతురుకెత్తి చూసేది. అంచుని గోటితో గీరేది. పాంటు మోకాళ్ళ దగ్గర పలచబడిందేమోనని వేళ్ళతో తడిమేది. "ఇది అసలైన పట్టే!" అని నేనెంత నమ్మబలికినా ఆవిడ వేళ్ళు నా నోటిని నమ్మేవి కావు. నేనాడిన అబద్ధాలకి ఒక్క టీ గ్లాసయినా అదనంగా రాలేదు.

ఇప్పుడు కొనేవాళ్ళు ఎక్కడో ఉంటారు. వాళ్ళ వేళ్ళు మన చీర దాకా రావు. వాళ్ళు చేసేదల్లా ఫోనులో నాలుగు మాటలు కొట్టి వెతకటం. అంటే, ఆ గంప ఆవిడ వేళ్ళు చేసిన పని ఇప్పుడు మన మాటలు చెయ్యాలి. ఇంత బరువు మాటమీద పడ్డ రోజునే మనం మాట తప్పటం మొదలుపెట్టాం. నా తగాదా అంతా ఇక్కడే.

మొన్న దసరాకి మా మేనకోడలు వచ్చింది. వస్తూనే బీరువా తెరిచి, "ఏమిటత్తయ్యా ఇన్ని చీరలు! కట్టుకుంటారా, పూజ చేస్తారా? అమ్మేద్దాం" అంది. నేను కాదనలేదు. పట్టుచీర కట్టకుండా దాస్తే మడత మీదే చిరుగుతుంది. నాకు డెబ్భై దాటాయి. మా కోడళ్ళిద్దరూ పండక్కి కూడా చీర కట్టరు. ఇక మిగిలిన దారి, "పాత పట్టుచీరలు కొంటాము" అని బోర్డు పెట్టినవాళ్ళు. వాళ్ళకి చీరతో పని లేదు, జరీతో పని. కాల్చి అందులోని వెండి తీసుకుంటారు. మా అమ్మ కట్టిన చీరని నా చేతులతో నిప్పుల్లో పెట్టలేను గదా! కట్టుకునే మనిషి ఎవరైనా దొరికితే చాలుననుకున్నాను.

ఆ చీర సంగతి చెప్పాలి. మా నాన్నగారు రైల్వేలో గుంతకల్లులో పనిచేసేవారు. 1974లో నా పెళ్ళికని ధర్మవరం వెళ్ళి, మగ్గం దగ్గర కూర్చుని బేరమాడి అమ్మకి కొన్న చీర అది. అరిటాకు పచ్చ, వంగపండు రంగు అంచు, పైట నిండా జరీ. అమ్మ దాన్ని "నా ధర్మవరం" అనేదే గాని "పట్టుచీర" అనేది కాదు.

మా పిల్ల పావుగంటలో ఫొటో తీసి, మకుటం రాసి, ఫోను నా చేతికిచ్చింది. చదివితే నాకు కళ్ళు తిరిగాయి. "కంచి పట్టు బెనారస్ పోచంపల్లి డిజైనర్ పెళ్ళి చీర, సరికొత్తదానిలా."

"ఒక్క చీరకి ఇన్ని ఊళ్ళేమిటే? దీనికి ఏ ఊళ్ళో రేషను కార్డిస్తావు?" అన్నాను.

"మీకు తెలీదత్తయ్యా. అందరూ కంచి అనే వెతుకుతారు. ధర్మవరం అని ఎవరు కొడతారు? ముందు చీర కంటపడాలి గదా!"

కంటపడాలి, ఒప్పుకున్నాను. కాని కంటపడటం వేరు, కళ్ళు కప్పటం వేరు. ఈ రెండిటికీ తేడా తెలియక మా పిల్లే కాదు, ఊరంతా పప్పులో కాలేస్తోంది.

అసలు ఈ వెతుకులాట ఎలా సాగుతుందో మా పిల్ల దగ్గరే కూర్చుని తెలుసుకున్నాను. యంత్రానికి చీర తెలియదు. కొనేవాళ్ళు కొట్టిన మాటల్ని మనం రాసిన మాటలతో పోల్చి చూస్తుంది. ఆ తరవాత జల్లెడ ఉంటుంది. రంగు, నూలా పట్టా, పొడుగు, కొత్తదా పాతదా అని గళ్ళు. కొనే ఆవిడ "ఆకుపచ్చ" అన్న గడి నొక్కిందనుకోండి, మీరు రంగు గడి ఖాళీగా వదిలేస్తే మీ చీర జల్లెట్లోంచి జారిపోతుంది. అది నిజంగా ఆకుపచ్చదే అయినా సరే! మా పిల్ల మకుటంలో మూడూళ్ళు ఎక్కించిందా, కింద గళ్ళలో రంగు లేదు, పొడుగు లేదు, జాకెట్టు ముక్క ఉందో లేదో లేదు. అబద్ధానికి ఓపికుంది గాని నిజానికి తీరిక లేకపోయింది.

పైగా మకుటంలో జాగా ఎంతని? 1995లో అమెరికాలో మొదలైన ఈబేలో మకుటానికి ఖాళీలతో కలిపి 80 అక్షరాలే. మన టెలిగ్రాం 2013లో మూతపడింది గాని, దాని బుద్ధి మాత్రం ఇప్పుడు కావాలి. టెలిగ్రాంలో మాటకింత అని లెక్కగట్టి రాసేవాళ్ళం గదా, "అద్భుతం, అమోఘం, చూస్తే వదలరు" అని ఎవరైనా కొట్టించేవారా? సరుకుతో సంబంధం లేని మాటలు పెట్టి వెతికేవాళ్ళని లాగకూడదని ఆ ఈబే నియమాల్లోనే ఉంది. ధర్మం మాట అటుంచండి, వ్యాపారం కూడా ఒప్పుకోని పని ఇది.

సరే, చీర వెళ్ళింది. మేం ఈబేలో పెట్టలేదు లెండి, వేరే చోట పెట్టాం. చాలామంది చూశారు, ఒకావిడ కొన్నది. మా పిల్ల నావంక చూసి నవ్వింది. తొమ్మిదోరోజున చీర తిరిగొచ్చింది, ప్లాస్టిక్ సంచిలో కుక్కి. కొన్నావిడ చిన్న ఉత్తరం రాసింది. "ఇది కంచి కాదు, ధర్మవరం. ఆ మాటే చెప్పి ఉంటే ఉంచుకునేదాన్ని. పేరే అబద్ధమైతే మిగతాది ఎలా నమ్మను?"

సిగ్గుతో చచ్చిపోయాననుకోండి. డబ్బు వెనక్కి ఇచ్చినందుకు కాదు. మా అమ్మ చీరని, ఏ దోషమూ లేని చీరని, నేను దొంగసరుకు చేశాను. పేరు మార్చుకున్న మనిషిని చూసినట్టు దాన్నెవరో అనుమానంగా చూశారు.

ఇక "ధర్మవరం అని ఎవరు వెతుకుతారు?" అన్న ప్రశ్నకి జవాబు చెబుతాను. ఎవరూ వెతకరు గనుక మనం రాయం. మనం రాయం గనుక ఎవరూ వెతకరు. ఈ గానుగెద్దు ఇలా పదేళ్ళు తిరిగిందంటే ఆ పేరే మిగలదు. పేరు పోతే పోనీ, గుడ్డ ఉంటుందిగా అంటారేమో! ఆ పేరు ఆ ఊరి సొత్తండీ. ఊరి పేరు మీద బతికే సరుకులకి రక్షణగా మన దేశంలో 1999లో చట్టం చేశారు, 2003లో అమల్లోకి తెచ్చారు. పోచంపల్లి ఇక్కత్‌కి 2005లో ఆ గుర్తింపు వచ్చింది. ధర్మవరం, గద్వాల, వెంకటగిరి, ఉప్పాడ, మంగళగిరి, నారాయణపేట అన్నిటికీ వచ్చింది. కంచికీ ఉంది. ఆ ఊళ్ళ నేతగాళ్ళు కాగితాలు పట్టుకుని తిరిగి సంపాదించుకున్న పేరుని మనం ఇంట్లో కూర్చుని బొటనవేలితో తుడిచేస్తున్నాం. ధర్మవరాన్ని కంచి అంటే ధర్మవరానికి దక్కాల్సిన మెప్పు పోతుంది. మిల్లు అచ్చుగుడ్డని పోచంపల్లి అంటే పోచంపల్లి పరువు పోతుంది. ఎటు తిప్పినా నష్టం మగ్గానిదే.

అలాగని మా పిల్ల చెప్పినవన్నీ కొట్టిపారెయ్యను. అంచు రంగు "వంగపండు" అని నేను రాయబోతే, "అలా ఎవరు కొడతారత్తయ్యా, పర్పుల్ అనండి" అంది. అది న్యాయమే. వినేవాళ్ళ భాషలో చెప్పకపోతే అరిచి లాభమేముంది? రెండు మాటలూ రాశాం. ఇంగ్లీషు అక్షరాల్లో పోచంపల్లికి చివర వై రాసేవాళ్ళున్నారు, ఐ రాసేవాళ్ళున్నారు. ఒకటి మకుటంలో, రెండోది కింద వివరంలో రాయమంది. అదీ న్యాయమే. రంగుకి రెండో పేరు పెడితే తర్జుమా. ఊరికి రెండో పేరు పెడితే అబద్ధం. గీత అక్కడ గీయండి చాలు.

ఫొటోల సంగతి మాత్రం నేను నేర్పాను. లైటు కింద తీస్తే పచ్చ కాస్తా పసుపులా కనిపిస్తోంది. పొద్దున్న వరండాలో నీడపట్టున తీయించాను. పైట ఒకటి, అంచు ఒకటి, వెనకవైపు ఒకటి. వెనకవైపు ఎందుకంటారా? చీర గుట్టు వెనకే ఉంటుంది. పోచంపల్లిలో నూలుకి ముందే చిటికి కట్టి, రంగులద్ది, తరవాత నేస్తారు. అందుకే పువ్వు రెండువైపులా ఒకేలా పడుతుంది. అచ్చువేసిన నకలు వెనక్కి తిప్పితే వెలవెలబోతుంది. ఒక్క ఫొటో వంద విశేషణాల పెట్టు.

కుచ్చిళ్ళ దగ్గర అంగుళం మేర నూనె మరక ఉంది. దానికీ ఫొటో తీయించాను. మా వారు పేపరు దించి, "పెళ్ళిచూపుల్లో పిల్ల మెల్లకన్ను ముందే చూపిస్తావా?" అన్నారు. "చూపించి చేసుకున్న పెళ్ళి నిలుస్తుంది లెండి. మీ గురక సంగతి ముందే చెప్పలేదని మీవాళ్ళ మీద నాకింకా కోపమే" అన్నాను. పేపరు మళ్ళీ పైకి లేచింది.

కొత్త మకుటం ఇదీ. "ధర్మవరం పట్టుచీర, ఆకుపచ్చ, పర్పుల్ అంచు, జరీ పైట, పాతది." పొడుగు టేపుతో కొలిచి అయిదున్నర మీటర్లని గడిలో రాశాం. జాకెట్టు ముక్క లేదన్నాం. 1974లో కొన్నదన్నాం. మరక ఉందన్నాం. ఒక్క పొగడ్త లేదు.

ఈసారి చూసినవాళ్ళు తక్కువ. వారం దాకా ఉలుకూ పలుకూ లేదు. మా పిల్ల రోజూ ఫోను చేసి, "చెప్పానా!" అనేది. పదకొండో రోజున ఒకావిడ అడిగింది. "ఇది మగ్గం ధర్మవరమేనా? వెనకవైపు ఇంకొక ఫొటో పంపుతారా?" అని. పంపాం. కొన్నది. కంచి అని చెప్పినప్పుడు వచ్చిన ధరకన్నా తక్కువే వచ్చింది, దాచటం దేనికి? కాని ఆవిడ వెతికింది ధర్మవరం అనే మాటని. అలా వెతికే మనిషి ఒకరున్నారు. మనం ఆ మాట రాయకపోతే ఆవిడకి చీరా దొరకదు, మన చీరకి ఆవిడా దొరకదు. మిగిలేది కొలిమి.

చీర వెళ్ళి రెండు నెలలైంది, తిరిగి రాలేదు. బీరువాలో ఇంకా పది చీరలున్నాయి. మా పిల్ల సంక్రాంతికి వస్తానంది. ఈలోగా ఒక్కొక్కటీ విప్పి, ఏది ఏ ఊరిదో చీటీ మీద రాసి మడతలో పెడుతున్నాను. మీరూ ఆ పని చెయ్యండి. అమ్మినా, అమ్మకపోయినా, రేపు మీ బీరువా తెరిచేవాళ్ళకి ఆ మాట మీరు తప్ప చెప్పేవాళ్ళు లేరు.

కథ అలవాటు ప్రకారం కంచికి వెళుతుంది, వెళ్ళనివ్వండి. చీరని మాత్రం దాని ఊరిపేరుతోనే పంపండి.