మన డాబా మీద ఎండ ఎంత?

మొన్న సంక్రాంతి సెలవుల్లో చిక్కడపల్లిలో మా బాబాయ్ వాళ్లింటికి వెళ్లాను. చెప్పులు విప్పకముందే చేతిలో ప్రింటవుట్లు పెట్టాడు. సోలార్ కోసం ఒక కంపెనీ వాళ్లు పంపిన రూఫ్ మెజర్‌మెంట్ రిపోర్టు. "ఇంజనీరింగ్ చదువుతున్నవ్ గదా, జర చూడు. ఐదు కిలోవాట్లు పడతయంట. రేపు అడ్వాన్స్ ఇస్తున్న."

నాకూ మొదట బాగానే అనిపించింది. డాబా విస్తీర్ణం 83.6 చదరపు మీటర్లు. అంటే 900 చదరపు అడుగులు, బాబాయ్ భాషలో నూరు గజాలు. ఒక కిలోవాట్‌కి సుమారు 10 చదరపు మీటర్లు చాలు. ఐదు ఏంటి, ఎనిమిది కూడా పట్టాలి!

నీడ అనే గడిలో మాత్రం 'లేదు' అని ఉంది. కింద చిన్న అక్షరాల్లో 'ఉపగ్రహ చిత్రం ఆధారంగా' అని రాశారు. ఆ చిత్రంలో మా దక్షిణం పక్కన రేకుల ఇల్లుంది. ఇప్పుడక్కడ హాస్టల్ ఉంది, మా డాబా కన్నా రెండంతస్తులు ఎత్తు.

టేపు పట్టుకుని పైకెక్కాం. హాస్టల్ మాకన్నా 20 అడుగులు ఎత్తు, మధ్యలో ఆరడుగుల సందు. హైదరాబాద్ అక్షాంశం 17.4 డిగ్రీలు. డిసెంబర్ 21న నడినెత్తికొచ్చినప్పుడు కూడా సూర్యుడు 49 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. 20 అడుగుల గోడకి 17 అడుగుల నీడ. సందు తీసేస్తే డాబా మీద 11 అడుగులు. ఉదయం తొమ్మిది దాటాక, మధ్యాహ్నం మూడు దాటాక సూర్యుడు 30 డిగ్రీల దగ్గరుంటాడు, అప్పుడు నీడ డాబా మీద 17 అడుగుల దాకా వస్తుంది. మెట్ల గది కూడా అటే ఉంది. ఉత్తరం వైపు మిగిలింది 13 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు. ట్యాంకు, నడిచే దారి తీసేస్తే 320 చదరపు అడుగులు. అంటే మూడు కిలోవాట్లు.

మిగతా రెండూ నీడలో పెడితే నష్టం ఆ రెండింటితో ఆగదు. ప్యానెళ్లని సిరీస్‌లో కలుపుతారు కాబట్టి ఒకదాని మీద నీడ పడితే మొత్తం వరుస మీద దెబ్బ పడొచ్చు. బైపాస్ డయోడ్లు కొంతవరకే ఆదుకుంటాయి. పైగా 2024లో వచ్చిన పీఎం సూర్య ఘర్ పథకంలో సబ్సిడీ మూడు కిలోవాట్లకి 78,000 రూపాయలు. ఐదు పెట్టినా అంతే.

కంపెనీ వాళ్లు మోసం చేశారని నేననను. పాత ఫొటోకి కొత్త హాస్టల్ సంగతి ఎలా తెలుస్తుంది? కానీ పైకి ఎక్కకుండా 'నీడ లేదు' అని రాయడం, మనం ల్యాబ్ రికార్డులో ఆన్సర్ నుంచి వెనక్కి రీడింగులు వేసుకోవడం లాంటిదే. తేడా ఏంటంటే, మనకి పోయేది మార్కులు, వాళ్లకి పోయేది రిటైర్‌మెంట్ డబ్బు.

అశోక్‌నగర్‌లో కోచింగ్ పిల్లల కోసం అంతస్తు మీద అంతస్తు లేస్తోంది. నారాయణగూడ అపార్ట్‌మెంట్లలో డాబా అందరిదీ. ఇలాంటి చోట రిపోర్టులో మొత్తం వైశాల్యం ఒక్కటే చూస్తే సరిపోదు. నాలుగు అడగాలి: ఎప్పటి ఫొటో? ఎవరైనా వచ్చి టేపుతో కొలిచారా? డిసెంబర్ నీడ లెక్కేశారా? ట్యాంకు, దారి, బట్టల తీగ తీసేశాక మిగిలేదెంత?

ఈ నాలుగూ అడగడానికి ఇంటర్ ట్రిగనోమెట్రీ చాలు. మనింట్లో వాళ్లు సంతకం పెట్టేముందు ఒక్క గంట డాబా మీద నిలబడదాం. ఆ లెక్కని తెలుగులో, గజాల్లో చెబుదాం.

బాబాయ్ మూడుకే ఒప్పుకున్నాడు. పిన్ని మాత్రం దక్షిణం వైపు చూసి, "అయితే నా వడియాలకి కూడా అటు ఎండ రాదన్నమాట" అంది. తను ఆ సంగతి రెండేళ్లుగా చెబుతోందట, ఎవరూ వినలేదు.