బూడిదకూ ఒక బకెట్ కావాలి

బదిలీ ఉత్తర్వు వచ్చిందంటే ఇంట్లో జాబితాలు మొదలవుతాయి. సామాన్ల జాబితా, స్కూలు నుంచి తీసుకోవలసిన కాగితాల జాబితా, కట్టవలసిన బిల్లుల జాబితా. కొత్త ఊళ్లో క్వార్టర్ అప్పగించేటప్పుడు ఇంకో జాబితా మీద అమ్మో నాన్నో సంతకం పెడతారు. ఫ్యాన్లు ఎన్ని, ట్యూబ్‌లైట్లు ఎన్ని, తాళంచెవులు ఎన్ని అని అందులో ఉంటుంది. కాశ్మీరు, లద్దాఖ్, హిమాచల్ ప్రదేశ్ వంటి చలి ప్రాంతాల్లో బుఖారీ కూడా ఉండవచ్చు. బుఖారీ అంటే గదిని వెచ్చగా ఉంచే రేకు పొయ్యి. దాని పొగగొట్టం ఇంటి బయటికి పోతుంది. కట్టెలో బొగ్గో వేసి మండించే బుఖారీలో బూడిద మిగులుతుంది. ఆ బూడిదను దేనిలోకి తీయాలో, ఎక్కడ పెట్టాలో, ఎప్పుడు పారేయాలో మేము చూసిన ఏ జాబితాలోనూ లేదు. అది ఉండి తీరాలని మా అభిప్రాయం.

"బూడిదేగా, ఎప్పుడో చల్లారిపోయింది" అనుకోవటంలోనే ప్రమాదం ఉంది. "నివురు గప్పిన నిప్పు" అనే జాతీయం మనందరికీ తెలుసు. సొంతవాక్యంలో ప్రయోగించమంటే, కోపం లోపల దాచుకున్న మనిషి గురించి రాసేస్తాం. కానీ ఆ మాట ముందు పుట్టింది పొయ్యి దగ్గరే. అగ్గిపెట్టె పొదుపుగా వాడుకునే రోజుల్లో మన అమ్మమ్మలు, నానమ్మలు రాత్రి వంట అయ్యాక మిగిలిన నిప్పుల మీద బూడిద కప్పేవారు. తెల్లవారి ఆ బూడిదను పక్కకు తీసి, నాలుగు పుల్లలు పెట్టి ఊదితే పొయ్యి రాజుకునేది. అంటే బూడిద నిప్పును ఆర్పలేదు, తెల్లవార్లూ కాపాడింది.

ఇందులోని సైన్సు మన పాఠాల్లోనిదే. బూడిద రేణువుల మధ్య గాలి చిక్కుకొని ఉంటుంది కాబట్టి అది వేడిని తొందరగా బయటికి పోనివ్వదు. పైనుంచి గాలి కూడా కొద్దిగానే లోపలికి అందుతుంది. అందువల్ల నిప్పు కణిక భగ్గున మండిపోకుండా నెమ్మదిగా, చాలాసేపు కాలుతూ ఉంటుంది. పైన చెయ్యి పెడితే వెచ్చదనం కూడా తెలియకపోవచ్చు. ఇలా 3, 4 రోజుల దాకా కూడా నిప్పు బతికి ఉండగలదు.

ఇప్పుడు ఆ బూడిదను ప్లాస్టిక్ బకెట్‌లోకో, అట్టపెట్టెలోకో, గోనెసంచిలోకో ఎత్తి వరండాలో పెట్టామనుకోండి. రాత్రి గాలి వీస్తే చాలు, కణిక మళ్లీ ఎర్రబడుతుంది. కొండ ప్రాంతాల ఇళ్లలో నేల, గోడలు, పైకప్పు చాలాచోట్ల చెక్కతోనే కడతారు. చెత్తకుండీలో వేస్తే అందులోని ఎండుటాకులు, కాగితాలు అంటుకుంటాయి. పొద్దున్నే ఆ చెత్త ఎత్తే పారిశుద్ధ్య కార్మికుడి చేతులు కాలవచ్చు. మన ఇంట్లోంచి బయటికి పోయింది కదా అని మన బాధ్యత తీరిపోదు.

మరో ప్రమాదం కంటికి కనపడదు. నిప్పు ఉన్న బూడిదను మూసిన గదిలో పెడితే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. బుఖారీకి పొగగొట్టం ఉంటుంది, బకెట్‌కు ఉండదు. తలుపులు బిగించుకొని అంగీఠీ, అంటే మన కుంపటి, పక్కన పెట్టుకొని పడుకున్నవారు ప్రాణాలు పోగొట్టుకున్న వార్తలు ఉత్తర భారతంలో చలికాలంలో వస్తూనే ఉంటాయి. "రాత్రికి కాస్త వెచ్చగా ఉంటుంది" అని బూడిద బకెట్‌ను గదిలో ఉంచుకోవటం కూడా అలాంటిదే.

దీనికి కావలసిన సామగ్రి ఎంతో లేదు. గట్టిగా మూతపడే ఇనుప బకెట్ ఒకటి, ఇనుప పార ఒకటి. పొయ్యి పూర్తిగా ఆరాక బూడిదను మెల్లగా బకెట్‌లోకి తీసి మూత పెట్టాలి. బకెట్‌ను వెంటనే ఆరుబయటికి తీసుకెళ్లి ఇటుకల మీదో రాతి మీదో ఉంచాలి. ఇల్లు, కట్టెల గుట్ట, వాహనాలు దానికి కనీసం 10 అడుగుల దూరంలో ఉండాలి. అందులో కాగితంగాని, వేరే చెత్తగాని వేయకూడదు. మూత మీద సుద్దముక్కతో తేదీ రాసి, 4 రోజులు ముట్టుకోకూడదు. రోజూ పొయ్యి వెలిగే ఇంట్లో రెండు బకెట్లు ఉంటే మంచిది. ఒకటి నిండుతుంటే రెండోది చల్లారుతుంది.

నీళ్లు పోస్తే సరిపోదా అని కొందరు అడుగుతారు. వేడి పొయ్యిలో నీళ్లు పోస్తే ఆవిరితోపాటు బూడిద మొహం మీదికి ఎగురుతుంది, పొయ్యి రేకు కూడా పాడవుతుంది. తొందరగా పారేయక తప్పకపోతే, పెద్దవాళ్లు ఆరుబయట బకెట్‌లో కొంచెం కొంచెంగా నీళ్లు పోసి కలపాలి. అసలు ఈ పనంతా పెద్దవాళ్లదే. అడగటం, గుర్తుచేయటం, మూత మీద తేదీ చూడటం మన పని.

చల్లారిన తరువాత బూడిదను ఏం చేయాలి? మన పల్లెల్లో దానితో అంట్లు తోమేవారు, పురుగు పట్టకుండా విత్తనాల్లో కలిపేవారు, పాదుల్లో చల్లేవారు. కట్టెల బూడిదలో పొటాషియం, కాల్షియం ఉంటాయి కాబట్టి మొక్కలకు మేలే. అయితే దానికి క్షారగుణం ఉంది. బూడిద కలిపిన నీళ్లలో ఎర్ర లిట్మస్ కాగితం ముంచితే నీలంగా మారుతుంది. మన స్కూలు ల్యాబ్‌లోనే చూడవచ్చు. ఆమ్లగుణం ఉన్న నేలకు కొద్దిగా చల్లితే మంచిది, ఇప్పటికే క్షారగుణం ఉన్న నేలకు చెరుపు. మనకు ఊరు మారినప్పుడల్లా మట్టి కూడా మారుతుంది. అమ్మమ్మ పెరటికి పనికొచ్చింది కొత్త క్వార్టర్ పెరటికి పనికొస్తుందని అనుకోకూడదు. యూరియా వేసినచోట వెంటనే బూడిద చల్లినా నత్రజని అమ్మోనియాగా గాలిలో కలిసిపోతుంది. రాక్షసిబొగ్గు బూడిదలో ఆర్సెనిక్ వంటి విషపదార్థాలు ఉంటాయి. దాన్ని, రంగు వేసిన చెక్క బూడిదను, ప్లైవుడ్ బూడిదను కూరగాయల మడుల్లో వేయనే కూడదు. ఏ బూడిదనూ వాగులో, కాలువలో పోయకూడదు. మంచు గడ్డకట్టిన దారి మీద మాత్రం చల్లారిన కట్టెల బూడిద చల్లితే కాలు జారదు.

గ్యాస్ పొయ్యిలున్న ఈ రోజుల్లో ఇదంతా ఎందుకంటారా? బుఖారీలున్న ఊళ్లకు పోస్టింగులు ఆగలేదు. సెలవులకు సొంత ఊరు వెళితే వేన్నీళ్ల కాగు కింద ఇప్పటికీ కట్టెలు మండే ఇళ్లున్నాయి. పైగా మనం ఏ రాష్ట్రంలో ఉన్నా సంక్రాంతి ముందురోజు నలుగురు తెలుగువాళ్లు కలిసి భోగిమంట వేస్తాం. పంజాబీ మిత్రులు లోహ్రీ మంట వేస్తారు. మంట చుట్టూ అందరం ఉంటాం. అందరూ ఇళ్లకు వెళ్లిపోయాక ఆ బూడిద కుప్ప దగ్గర ఎవరుంటారు? పిల్లలు ఆడుకునే మైదానంలోనే కదా అది ఉండేది!

అందుకని మేము కోరేది రెండే. మొదటిది, కట్టెల పొయ్యిగాని బొగ్గు పొయ్యిగాని ఉన్న ప్రతి క్వార్టర్ జాబితాలో "మూత ఉన్న ఇనుప బకెట్, ఒకటి" అన్న వరుస చేర్చాలి. రెండోది, కాలనీలో పండగ మంట వేసేవారు దాన్ని పూర్తిగా ఆర్పే పని ఎవరిదో వెలిగించక ముందే నిర్ణయించుకోవాలి. పాత ఊళ్లో పొయ్యి సంగతులు చెప్పటానికి నానమ్మ పక్కనే ఉండేది. మన బదిలీలతో నానమ్మ అన్ని ఊళ్లకూ రాలేదు. ఆమె చెప్పవలసిన నాలుగు మాటలు జాబితాలో ఒక వరుసగానైనా మన వెంట రావాలి. ఇల్లు ఖాళీ చేసి వెళ్లేటప్పుడు ఆ బకెట్‌ను అక్కడే వదిలి, తరువాత వచ్చే కుటుంబానికి అది దేనికో చెప్పి వెళ్దాం.