చివరి పది కిలోమీటర్లే బండెక్కిస్తున్నాయి

డిసెంబరు, జనవరి నెలల్లో మబ్బుల్లోనే లేచి హనుమకొండ నుంచి భూపాలపల్లి దారిలో బండి మీద ఉద్యోగానికి పోయేవాళ్లను చూస్తే ఎవరికైనా కడుపు తరుక్కుపోతుంది. మంకీ క్యాప్ మీద హెల్మెట్, స్వెటర్ లోపల గాలి ఆపడానికి మడిచి పెట్టుకున్న దినపత్రిక. ఊపిరికి హెల్మెట్ అద్దం మసకబారుతుంది. అద్దం ఎత్తితే చలిగాలికి కళ్ల వెంట నీళ్లు. అదే దారిలో పరకాల, రేగొండ మీదుగా ఎక్స్‌ప్రెస్ బస్సులు నడుస్తున్నాయి. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో ఆడవాళ్లకు టికెట్ ఖర్చు కూడా లేదు. అయినా టీచరమ్మలు సైతం స్కూటీ ఎందుకు తీస్తున్నారు? సొంత బండి మోజు అని తేల్చేసేవాళ్లు ఆ ప్రయాణం ఒక్క వారం చేసి చూడాలి.

వీళ్లెవరో ముందు తెలియాలి. 2016 అక్టోబరులో పాత వరంగల్ జిల్లాను విడగొట్టినప్పుడు జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లా కేంద్రాలయ్యాయి. 2018 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం ఈ మూడూ మూడు వేర్వేరు జోన్లలో పడ్డాయి: జనగామ యాదాద్రిలో, మహబూబాబాద్ భద్రాద్రిలో, భూపాలపల్లి కాళేశ్వరంలో. 2021 డిసెంబరులో వచ్చిన 317 జీవోతో సీనియారిటీని బట్టి ఉద్యోగులను జిల్లాలకు పంచారు. జూనియర్లు చాలామంది దూరపు జిల్లాలకు వెళ్లాల్సి వచ్చింది. పిల్లల చదువులు, ముసలి తల్లిదండ్రుల వైద్యం, భర్త లేదా భార్య ఉద్యోగం హనుమకొండలో, వరంగల్‌లో ఉండిపోయాయి. అందుకే రోజూ అప్ అండ్ డౌన్. ఈ దూరాన్ని వాళ్లు కోరి తెచ్చుకోలేదు.

డబ్బు లెక్క చూస్తే బస్సుదే గెలుపు. హనుమకొండ నుంచి భూపాలపల్లికి సుమారు 65 కిలోమీటర్లు, రానూపోనూ 130. లీటరుకు 50 కిలోమీటర్లు ఇచ్చే బండికైనా రెండున్నర లీటర్లు దాటుతుంది. పెట్రోలు లీటరు 107 రూపాయల లెక్కన రోజుకు 280 రూపాయల దాకా, నెలకు ఏడు వేల దాకా. టైర్లు, సర్వీసింగ్ వేరు. మగవాళ్లు టికెట్ కొనుక్కున్నా బస్సు ఇంతకన్నా తక్కువలోనే అవుతుంది.

చలికాలంలో అసలు తేడా ప్రాణానికి సంబంధించింది. గంటకు 60 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. ఎదురుగా ఏదో ఉందని కన్ను పట్టి, చేయి బ్రేకు నొక్కేలోపే 25 మీటర్లు దాటిపోతాం. బండి ఆగడానికి ఇంకో 25. పొగమంచులో కనిపించేదే 50 మీటర్లయితే తప్పించుకోవడానికి జాగా మిగలదు. 12 డిగ్రీల చలిలో ఆ వేగంతో పోతుంటే ఒంటికి తగిలేది 8 డిగ్రీల చలి. కొయ్యబారిన వేళ్లతో బ్రేకు ఇంకా ఆలస్యమవుతుంది. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే, వారిలో 44 శాతానికి పైగా ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్లే.

మన రోడ్ల మీద ఇంకో ప్రమాదం ఉంది. వానాకాలం పంట చేతికొచ్చేది సరిగ్గా ఈ చలిలోనే. కొనుగోలు కేంద్రంలో వడ్లు తీసుకోవాలంటే తేమ 17 శాతం దాటకూడదు. ఆరబోయడానికి కల్లం లేని రైతు తారురోడ్డు మీదికి వస్తాడు. సగం రోడ్డు వడ్లు, అంచున బండరాళ్లు, రాత్రి మంచు పడకుండా పైన నల్లటి పట్టా. తెల్లవారుజామున మంచులో ఆ నల్లటి కుప్పకూ రోడ్డుకూ తేడా తెలియదు. బస్సు డ్రైవరు ఎత్తులో కూర్చుంటాడు, బస్సుకు పెద్ద లైట్లుంటాయి, తగిలినా వాహనం నిలదొక్కుకుంటుంది. బండి చక్రం రాయికి తగిలితే మనిషి ఎగిరి పడతాడు. రైతును తిట్టి లాభం లేదు. ఊరూరా సిమెంటు కల్లాలు కట్టించడం రైతు కోసమే కాదు, ఆ దారిన పోయే పంచాయతీ కార్యదర్శి కోసం కూడా.

భూపాలపల్లి వైపు దీనికి బొగ్గు టిప్పర్లు తోడు. సింగరేణి గనుల్లో నైట్ షిఫ్ట్ దిగి, నిద్ర కళ్లతో చుట్టుపక్కల ఊళ్లకు బండి మీద ఇంటికి పోయే కార్మికుడి పరిస్థితి అందరికన్నా ఘోరం. అతని కోసం ఆ వేళకు ఊళ్ల మీదుగా బస్సు నడపడం సింగరేణి, ఆర్టీసీ కలిసి చేయగలిగిన పని.

ఇంత తెలిసీ బండి తీయడానికి కారణం చివరి పది కిలోమీటర్లు. భూపాలపల్లి బస్టాండ్ దాకా ఎక్స్‌ప్రెస్ తెస్తుంది. అక్కడి నుంచి చుట్టుపక్కల మండలాల ఊళ్లకు పల్లెవెలుగు ఎప్పుడొస్తే అప్పుడే. మహబూబాబాద్ జిల్లాలో కొత్తగూడ, గంగారం మండలాలదీ అదే బాధ. బడుల్లో ముఖం చూపించి హాజరు వేసే యాప్ వచ్చింది. దానికి బస్సు ఆలస్యం సంగతి తెలియదు. సాయంత్రం ఇంకా కష్టం. చలికాలం ఆరు దాటేసరికి చీకటి. బస్సు తప్పితే అడవి అంచు ఊళ్లో ఒంటరిగా నిలబడాలి. ఆ భయానికే పొద్దున బండి తాళం చేతికొస్తుంది.

జనగామ విషయంలో నాకు సందేహం లేదు. నాలుగు వరుసల జాతీయ రహదారి, కాజీపేట–సికింద్రాబాద్ రైలు మార్గం రెండూ ఉన్న ఊరికి చలికాలం పొద్దున బండి మీద పోవడం అనవసరపు సాహసం. మహబూబాబాద్‌కూ వరంగల్ నుంచి రైలుంది. భూపాలపల్లికి ఆ భాగ్యం లేదు. రైలు స్టేషనే లేని జిల్లా కేంద్రం కాబట్టి అక్కడ బస్సును మొదట సరిచేయాలి.

నలుగురు కలిసి కారులో పోవడం చాలామందికి నచ్చిన దారి. రోజుకు ఏడెనిమిది వందల పెట్రోలు నలుగురికీ పంచితే మనిషికి రెండు వందల లోపే, చలి బాధ లేదు. కానీ ఒకరు సెలవు పెడితే లెక్క మారుతుంది, మీటింగు ఉందంటే మిగతావాళ్లు ఆగాలి. అందులోనూ మంచులో తొందరపడే డ్రైవింగు ప్రమాదం తప్పదు.

బస్సు మీద నమ్మకం చెడేది ఇంకో సందర్భంలో. రెండేళ్లకోసారి వచ్చే మేడారం జాతరకు వేల బస్సులు కావాలి. ఈ ప్రాంతపు డిపోల బస్సులు అటే మళ్లుతాయి. 2026 జాతర తేదీలు జనవరి 28 నుంచి 31, అంటే చలికాలం పోకముందే. అమ్మవార్ల జాతరకు బస్సులు పోవాల్సిందే. ఆ నాలుగు రోజులూ ఏ రూట్లో ఏ బస్సు మిగులుతుందో డిపో ముందుగా చెప్పినా ఉద్యోగికి సగం ఆందోళన తగ్గుతుంది.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి, తొర్రూరు, పరకాల డిపోల మేనేజర్లు, జిల్లా కలెక్టర్లు ఒక్కపూట కూర్చుంటే తేలే పని ఇది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఎక్స్‌ప్రెస్ చేరిన పావుగంటకు మండలాల వైపు పల్లెవెలుగు కదలాలి. సాయంత్రం ఆఫీసు, బడి వదిలాక ఒక బస్సు కచ్చితంగా ఉండాలి, ఆడవాళ్లు దాన్ని నమ్ముకుని పొద్దున బయల్దేరగలగాలి. పొగమంచు దట్టంగా ఉన్న రోజున అరగంట వెసులుబాటు హాజరు యాప్‌లోనే ఇవ్వాలి. ఇప్పటికే కొందరు పాత బండి ఒకటి మండల కేంద్రంలో తెలిసిన కొట్టు దగ్గర రాత్రుళ్లు వదిలి, పెద్ద దూరం బస్సులో, చివరి పది కిలోమీటర్లు ఆ బండి మీద పోతున్నారు. మండల కేంద్రాల బస్టాండ్లలో పైకప్పు, లైటు, కాపలా ఉన్న స్టాండు పెట్టి తక్కువ ధరకు నెలవారీ పాస్ ఇస్తే, ఆ పని ఇంకెందరో చేస్తారు.