గృహవిజ్ఞానము: క్లౌనుచేప - ఎనిమోను



అద్దపు తొట్టెలలో రంగుచేపలను పెంచుట నేడు మన నగరి, పుత్తూరు ప్రాంతములందును వింత గాదు. 2003వ సంవత్సరమున ‘ఫైండింగ్ నీమో’ యను చలనచిత్రము వెలువడినది మొదలు, నారింజవన్నె మేన తెల్లని పట్టెలుగల క్లౌనుచేపయే కావలెనని పిల్లలు మారాము చేయుచున్నారు. రంగుచేపల కంగళ్లుగల చెన్నపట్టణపు కొళత్తూరు మనకు దూరము గాదు. అయితే చేపతోపాటు దాని కాశ్రయమగు ఎనిమోనును గూడ కొనవలయునా? ముందుగ ఆ రెంటి బాంధవ్య మెట్టిదో తెలిసికొందము.

ఎనిమోను చూపునకు పువ్వు, నిజమునకు సముద్రజంతువు. రాతికి పాదము నంటించి, నడుమ నోరును, చుట్టును వ్రేళ్లవంటి యవయవములను గలిగియుండును. ఆ వ్రేళ్లలో కంటి కగపడని విషపుముళ్లు వేలకొలది గలవు. తాకిన చిన్నచేప దాని కాహారమగును. క్లౌనుచేప మాత్రము తల్లికొంగులో దూరిన పసిబిడ్డవలె వానినడుమ నిద్రించును. ఈ వింతను కాలింగ్‌వుడ్ అను ఆంగ్లేయుడు 1868లో లోకమునకు వెల్లడించెను. చేప చర్మముపైనుండు జిగురే దానికి కవచము. అయినను క్రొత్తయింట కాలిడు కోడలివలె అది తొందరపడదు. తొలుత రెక్కను, పిమ్మట పొట్టను తాకించి, వెనుకకు తగ్గి, మరల సమీపించి, కొన్ని నిమిషములకో గంటలకో, ఒక్కొకప్పుడు దినములకో లోన ప్రవేశించును.

ఈ మైత్రి యేకపక్షము గాదు. ఎనిమోనును కొరుకవచ్చు సీతాకోకచేపలను ఇది తరిమివేయును. రాత్రులందు రెక్కలాడించి నీటిని కదలించి ప్రాణవాయువు నందించును. దీని విసర్జనములు ఎనిమోను దేహమందలి సూక్ష్మమగు నాచునకు ఎరువగును. ఆ నాచు వెలుతురు సాయమున సిద్ధపరచు నాహారము ఎనిమోనునకు ముఖ్యాధారము.

ఈ చేపల సంసారమును విచిత్రమే. జంటలో పెద్దది ఆడుది. గ్రుడ్లు ఎనిమోను మొదట రాతిపై నుండును. వారము పది దినములు వానిని విసరుచు కాచువాడు తండ్రి. ఆడుది మరణించినచో ఆ మగచేపయే ఆడుదిగ మారును!

ఇక మన యింటి మాట. తొట్టెలో శత్రుభయము లేదు గనుక క్లౌనుచేప ఎనిమోను లేకున్నను సుఖముగ జీవించి సంతానమును గనును. ఎనిమోను సంగతి వేరు. దానికి ప్రకాశవంతమగు దీపము, లీటరునకు సుమారు 35 గ్రాముల ఉప్పుగల శుభ్రోదకము, 25 మొదలు 27 డిగ్రీలవరకు స్థిరమగు వేడిమి కావలెను. మన నగరి యెండలు వైశాఖమున 40 డిగ్రీలు దాటును. నీరు ఆవిరియైనను ఉప్పు తొట్టెలోనే మిగులును. కావున తగ్గినమేర శుద్ధిచేసిన మంచినీటినే పోయవలెను, ఉప్పునీటిని గాదు. చోటు నచ్చని ఎనిమోను నడచిపోయి నీటియంత్రములో జిక్కి చచ్చుటయు గలదు. అది క్రుళ్లినచో తొట్టెలోని చేపలన్నిటికిని ముప్పే.

దాని యాయువెంతయో వినుడు. స్కాట్లండు తీరమున 1828లో పట్టిన యొక ఎనిమోను, వేరొక జాతిదైనను, ఎడింబరో నగరమున గాజుపాత్రలో 1887వరకు జీవించెను. పలువురి చేతులు మారినను వారందరును దాని నీటిని శ్రద్ధతో మార్చుచు వచ్చిరి. అట్టి దీర్ఘాయువుగల ప్రాణిని సముద్రమునుండి పెరికి తెచ్చి, మన యజాగ్రత్తచే నెలలలో చంపుట వినోదమగునా?

కావున పిల్లలు కోరినచో, సముద్రమున పట్టినవానిని విడిచి, తొట్టెలలో పుట్టిపెరిగిన క్లౌనుచేపల జంటను మాత్రమే కొనుడు. మన దేశమున కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థవారు వీని పిల్లలను పెంచు విధానమును రూపొందించియున్నారు. ఆ చేపలను ఒక వేసవి పూర్తిగ దాటించినపిమ్మట, నీరును వేడిమియు నిలుకడగ నున్నచో, తొట్టెలోనే రెండుగ చీలి వృద్ధియైన ఎనిమోనును గూర్చి యాలోచింపవచ్చును. అంతవరకు పిల్లలకు ఆ స్నేహకథను చెప్పుడు. దానికి ఖర్చు లేదు.