బండి వణుకుతుంటే రేడియో సౌండు పెంచకండి



పోయిన చలికాలంలో ఒకరోజు పొద్దున్నే లీక్స్‌లిప్ నుంచి ఎం4 మీద సైటుకు పోతున్నాం. వ్యాన్‌లో ఐదుగురం. ముందురోజే టైరు మార్పించాం. స్టీరింగ్ అదురుతోంది, టకటక చప్పుడు. “రోడ్డు బాలేదులే, పోనీ” అన్నది నేనే. అదురు పెరిగాక ఎగ్జిట్‌లో దిగి చూస్తే రెండు వీల్ నట్లు చేత్తో తిరుగుతున్నాయి. టైరు బిగించినవాడిదే కాదు, తప్పు నాది కూడా.

వణుకు ఎప్పుడు వస్తోందో గమనిస్తే సగం రోగం తెలిసినట్టే.

90, 100 స్పీడులో స్టీరింగ్ వణికితే మామూలుగా ముందు చక్రాల బ్యాలెన్సింగ్. సీటు వణికితే వెనక చక్రాలు.

బ్రేకు తొక్కితేనే అదిరితే బ్రేకు డిస్కులు.

ఫస్ట్ గేరులో కదిలేటప్పుడు కుదిపితే క్లచ్, లేదా ఇంజిన్ మౌంటింగులు.

ఉన్నట్టుండి మొదలై పెరుగుతుంటే నట్లు వదులై ఉండొచ్చు, టైరు ఉబ్బి ఉండొచ్చు. మెల్లగా పక్కకు తీసి ఆపేయండి. ఎడమవైపు దిగి రెయిలింగ్ అవతల నిలబడండి.

చక్రం విప్పి బిగించాక ఓ 50 కిలోమీటర్లు తిరిగి, నట్లు మళ్లీ చూపించండి.

కంపెనీ వ్యాన్ కదా, మనకెందుకు అనుకోవద్దు. 2005 నాటి ఇక్కడి సేఫ్టీ చట్టం ప్రకారం పనిలో వాడేదాంట్లో ప్రమాదకరమైన లోపం కనిపిస్తే చెప్పడం మన బాధ్యత. చెప్పినందుకు పని తీసేయడం, గంటలు కోయడం కుదరదు. నోటిమాటతో వదలకుండా మెసేజ్ పెట్టండి.

నాలాంటి సూపర్‌వైజర్లకు ఒక్కమాట: ఆ మెసేజ్ వచ్చిన రోజు బండి కదలనివ్వకండి. పని గంట లేటైతే సర్దుకోవచ్చు. ఐదు ఇళ్లకు ఫోన్ చేసి ఏం చెప్పగలం?