మా పన్ను పత్రాల గోప్యత కాపాడండి: వినతిపత్రం

అమెరికాలో తెలుగువారికి పన్ను రిటర్నులు తయారుచేసే సంస్థల యజమానులకు, ఆ సంస్థల హైదరాబాద్ కార్యాలయాల నిర్వాహకులకు

విషయం: క్లయింట్ల పత్రాల భద్రత, భారత్‌కు పంపేందుకు అనుమతి, గడువు తీరాక తొలగింపు గురించి.

ఆర్యా,

జనవరి వచ్చిందంటే డబ్ల్యూ-2లు, పాస్‌పోర్టులు, వీసా పేజీలు, ఇండియాలోని బ్యాంకు ఖాతాల వివరాలు అన్నీ మీ చేతికి వస్తాయి. మనవాళ్లే కదా అన్న నమ్మకంతో వాట్సాప్‌లో పెట్టమన్నా పెడుతున్నాం. అవి హైదరాబాద్‌లో ఎవరి కంప్యూటర్‌లో తెరుచుకుంటున్నాయో మాకు తెలియడం లేదు. మాలో ఒకరు తన రిటర్ను డ్రాఫ్టు కోసం చూస్తుంటే, ముక్కూమొహం తెలియని మరో కుటుంబం రిటర్ను మెయిల్‌కు వచ్చింది. భార్యాభర్తల జీతాలు, పసిబిడ్డ సోషల్ సెక్యూరిటీ నంబరు సహా అన్నీ అందులో ఉన్నాయి. ఫోన్ చేస్తే, "డిలీట్ చేసేయండి సార్" అని పెట్టేశారు. ఆ కుటుంబానికి ఈ సంగతి ఎవరు చెప్పాలి?

ఇలాంటివి ఆగాలంటే, ఉన్న ఫెడరల్ చట్టాలు అమలైతే చాలావరకు చాలు. పన్ను వివరాలను ప్రిపేరర్ తెలిసిగానీ, నిర్లక్ష్యంగాగానీ అక్రమంగా బయటపెట్టినా, వేరే పనికి వాడినా ఇంటర్నల్ రెవెన్యూ కోడ్ 7216వ సెక్షన్ కింద నేరం. ఏడాది వరకు జైలు కూడా పడవచ్చు. 1999 నాటి గ్రామ్-లీచ్-బ్లైలీ చట్టం కింద ఫెడరల్ ట్రేడ్ కమిషన్ (ఎఫ్‌టీసీ) తెచ్చిన సేఫ్‌గార్డ్స్ రూల్ మీకూ వర్తిస్తుంది. దాని ప్రకారం రాతపూర్వక భద్రతా ప్రణాళిక ఉండితీరాలి.

కాబట్టి మా డిమాండ్లు:

1. మా ఫైలు భారత్‌కు పంపేముందే, ఎవరికి, ఏయే వివరాలు, ఎందుకు పంపుతున్నారో రాసి విడిగా సంతకం తీసుకోవాలి. అమెరికాలోనూ, భారత్‌లోనూ తగిన రక్షణ ఏర్పాట్లు లేకపోతే సోషల్ సెక్యూరిటీ నంబరు కనబడకుండా చేసి పంపాలి.

2. వాట్సాప్‌లో, మామూలు మెయిల్‌లో పత్రాలు అడగడం మానాలి. ఎన్‌క్రిప్షన్, రెండంచెల లాగిన్ ఉన్న పోర్టల్‌లోనే తీసుకోవాలి.

3. రిటర్ను కాపీనో, క్లయింట్ల జాబితానో 3 ఏళ్లు ఉంచాలన్న నియమాన్ని మేం కాదనం. మిగతా పత్రాలను, చట్టపరమైన లేదా వ్యాపారపరమైన అవసరం లేకపోతే, చివరి సేవ ముగిసిన 2 ఏళ్లలోపు తొలగించాలి. హైదరాబాద్ సిబ్బంది ఫోన్లలో మిగిలిన ఫొటోలూ ఇందులోకే వస్తాయి. తొలగించినట్టు మాకు రాసివ్వాలి.

4. మా జీతం, వీసా వివరాలు చూసి బీమా, రియల్ ఎస్టేట్ ఏజెంట్లకు నంబర్లు ఇవ్వడం ఆపాలి.

5. 500 మంది లేదా అంతకు మించిన క్లయింట్ల ఎన్‌క్రిప్ట్ చేయని సమాచారం పరులపాలైతే 30 రోజుల్లో ఎఫ్‌టీసీకి తెలపాలన్నది రూలు. అయితే ఒక్కరి ఫైలు దారితప్పినా ఆ ఒక్కరికీ వెంటనే చెప్పాలి. వారి పేరిట దొంగ రిటర్ను పడకుండా ఐఆర్ఎస్ ఇచ్చే ఐపీ పిన్ తీసుకోవడానికి సాయపడాలి.

వచ్చే సీజన్‌కు మా మొదటి పత్రం అడిగేలోపు ఈ అయిదింటికీ లిఖితపూర్వకంగా జవాబివ్వండి. జవాబిచ్చిన సంస్థలకే మా పత్రాలు అప్పగించాలని మేమంతా నిర్ణయించుకున్నాం.

ఇట్లు,
అమెరికాలోని తెలుగు పన్ను చెల్లింపుదారులు
(సంతకాలు జతపరచడమైనది)