ఊరి గింజ ఊరి గాదెలో

ఒక ఊళ్ళో ఆకలి ఉన్నదంటే అక్కడ భూమి లేదనో, పనిచేసే చేతులు లేవనో అనుకోవడం పరిపాటి. రెండూ ఉండి కూడా పస్తులు తప్పని ఊళ్ళు ఉంటాయి. హైదరాబాదుకు నూరు కిలోమీటర్ల దూరంలో, ముంబై రహదారి మీద ఉన్న జహీరాబాద్ చుట్టుపక్కల గ్రామాలు ఒకప్పుడు ఇలాంటివే. అప్పుడది మెదక్ జిల్లా, 2016 నుంచి సంగారెడ్డి జిల్లా.

అక్కడి దళిత కుటుంబాలకు దక్కిన భూములు చాలావరకు రాళ్ళూ రప్పలూ ఉన్న పలుచని నేలలు. అవి బీళ్ళుగా ఉండిపోయాయి. వాటి యజమానులేమో పెద్ద రైతుల చేలల్లో కూలికి వెళ్ళేవారు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. ఆ బియ్యం ఎన్ని పొయ్యిలను వెలిగించిందో మాకు తెలుసు, దాన్ని తప్పుపట్టే ధైర్యం మాకు లేదు. అయితే జొన్నరొట్టె తినే ఇళ్ళలోకి అన్నం వచ్చాక జొన్న పండించేవారు తగ్గారు. జొన్న పోవడంతో పశువులకు చొప్ప, పొలానికి ఎరువు కూడా తగ్గాయి. మా చిన్నతనంలో జవారీకీ రోటీ లేని రోజు ఉండేది కాదు. ఈనాటి మన పిల్లలకు ఆ మాట ఉర్దూలో చెప్పినా, తెలుగులో చెప్పినా వివరించాల్సి వస్తోంది.

అదే 1983లో పస్తాపూర్ కేంద్రంగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పని ప్రారంభించింది. 2023 మార్చిలో కన్నుమూసిన పి.వి. సతీష్ దాని సారథులలో ముఖ్యులు. సుమారు 75 గ్రామాలలో పేద స్త్రీల సంఘాలు ఏర్పడ్డాయి. సభ్యులలో అత్యధికులు దళిత మహిళలు, బడి ముఖం చూడనివారే ఎక్కువ. 1990ల మధ్యలో వారు చేపట్టిన ధాన్య నిధి పద్ధతిని కాస్త వివరంగా చెప్పుకోవడం అవసరం.

బీడు ఉన్న కుటుంబానికి దున్నకానికీ, ఎరువుకూ, విత్తనానికీ సంఘం విడతలవారీగా అప్పు ఇస్తుంది. ఆ అప్పు డబ్బుగా కాక, కొన్నేళ్ళపాటు కొంచెం కొంచెంగా జొన్నల రూపంలో తీరుతుంది. ఆ జొన్నలు పట్నం మార్కెట్టుకు పోవు. ఊళ్ళోనే గుమ్ముల్లో నిల్వ ఉంటాయి. వానాకాలంలో పాత గింజ అయిపోయి కొత్త పంట చేతికి రాని రోజుల్లో వాటిని తక్కువ ధరకు పేద ఇళ్ళకు అమ్ముతారు. వచ్చిన సొమ్ము మళ్ళీ నిధిలో చేరుతుంది. బీడు సాగయింది, ఊళ్ళో కూలి దొరికింది, పశువుకు మేత వచ్చింది, ఆకలి ఇంటికి గింజ అందింది. లారీ ఎక్కి బయటినుంచి వచ్చింది మాత్రం ఏమీ లేదు.

పేదలెవరో తేల్చిన తీరు మమ్మల్ని ఇంకా ఆలోచింపజేసింది. ఏ కార్యాలయమూ జాబితా పంపలేదు. ఊరివారే కూర్చుని, నేల మీద ఊరి బొమ్మ గీసి, ఏ ఇంటి పరిస్థితి ఏమిటో చర్చించి నిర్ణయించారు. ఎక్కువ పేద ఇంటికి ఎక్కువ గింజ. నలుగురిలో పేదరికం బయటపెట్టడం ఆత్మగౌరవానికి దెబ్బ కాదా అని మన పెద్దలు అడుగుతారు. దానం గుట్టుగా చేయాలని నేర్చుకున్న మాకూ మొదట ఆ సంకోచమే కలిగింది. కాని ఇక్కడ గింజ దానంగా రావడం లేదు, హక్కుగా కొద్ది ధరకు వస్తోంది. పైగా లెక్క తేల్చేవారిలో ఆ పేదరాలు కూడా కూర్చుని ఉంటుంది. మన మొహల్లాల్లో రంజాన్ జాబితాలు ఎవరు రాస్తారో, ఎవరి పేరు ఏటా తప్పిపోతుందో పాఠకులకు మేము చెప్పనక్కరలేదు.

ఇక విత్తనాలు. ఒకే చేలో జొన్న, సజ్జ, కొర్ర, సామ, కంది, పెసర, అనుము కలిపి పదిహేను ఇరవై రకాలు వేస్తారు. వాన ఒక పంటను దెబ్బతీసినా ఇంకొకటి నిలుస్తుంది. విత్తనాలను బూడిద, వేపాకు కలిపి బుట్టల్లో దాచి, లేనివారికి ఇచ్చి, పంట వచ్చాక తీసుకున్న దానికంటే కొంత ఎక్కువ కొలిచి తిరిగి తీసుకుంటారు. ఆ ఎక్కువతో మరొక ఇంటికి విత్తనం అందించాలన్నది వారి ఉద్దేశం. ఉద్దేశం ఎంత మంచిదైనా, అప్పిచ్చిన గింజకు అదే గింజ హెచ్చుగా కోరే షరతును మన ఫిఖ్ అంగీకరించదు. కనుక మనవాళ్ళు ఎవరైనా ఈ పద్ధతి ఎత్తుకుంటే ఇచ్చిన కొలతే తిరిగి తీసుకోవాలి, నిధి పెరగడానికి విరాళం వేరుగా అడగాలి. ఈ ఒక్క భేదాన్ని సాకుగా చూపి మొత్తం పనిని పక్కన పెట్టేవారితో మాత్రం మేము ఏకీభవించలేము.

2008 అక్టోబరు 15న మాచ్‌నూరులో ఈ స్త్రీలు సొంతంగా సంఘం రేడియో ప్రారంభించారు. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమంవారి ఈక్వేటర్ బహుమతి అందుకున్నారు. ఏటా సంక్రాంతికి ఎడ్లబండ్ల మీద విత్తనాలు పెట్టుకుని ఊరూరా పాత పంటల జాతర నడిపారు. 2023ను ప్రపంచ చిరుధాన్యాల సంవత్సరంగా జరిపాక పట్నం దుకాణాల్లో కొర్రలు, సామలు అందమైన పొట్లాలలో కనిపిస్తున్నాయి. మధుమేహం ఉన్న ధనికులు కొంటున్నారు. పండించిన కూలి స్త్రీ ఆ ధరకు కొనలేదు. 2013 ఆహార భద్రతా చట్టంలో చిరుధాన్యాల పేరు ఉన్నా, మన చౌక దుకాణంలో చేతికి వచ్చేది బియ్యమే.

మనలో చాలామందికి సెంటు భూమి లేదు. మెకానిక్ షెడ్డు, కుట్టుమిషను, పండ్ల బండి మీద బతుకుతున్నాం. పొద్దున అప్పు తెచ్చి సాయంత్రం వడ్డీతో కట్టే బండివాడు ప్రతి మస్జిద్ ఎదుటా ఉన్నాడు. ఫిత్రాను గోధుమల ధర కట్టి నోట్లుగా పంచేస్తున్నాం, పండుగ మర్నాటికి అవి అయిపోతాయి. ఫిత్రా దాని హక్కుదారులకే చెందాలి, అందులో మార్పు లేదు. కాని విరాళాల సొమ్ములో కొంత భాగంతో దగ్గరి పల్లెల రైతు దగ్గర పంట రోజుల్లోనే జొన్నలు కొని, మస్జిద్ వెనుక గదిలో నిల్వచేసి, కరువు నెలల్లో కొన్న ధరకే ఇవ్వవచ్చు. బండివాడికి వడ్డీలేని అప్పు అదే కమిటీ చూడవచ్చు. కమిటీలో ఆ బండివాడూ, బీడీలు చుట్టే వితంతువూ ఉండాలి. ముతవల్లీలు ఇందుకు ఒప్పుకుంటారా? వచ్చే శుక్రవారం నమాజు తర్వాత వారినే అడగండి.